గాలికి అప్పగించిన చుక్కాని

మా అన్న కుడి భుజం ఓడ మీద పాడయింది. సరుకు దించుతుంటే ఇనుప కొక్కెం ఊగుతూ వచ్చి తగిలిందట. అప్పటికి ఎముక అతుక్కుంది గాని, కొలువు మానేసి ఇంటికి వచ్చాక నొప్పి ముదిరింది. అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది లేదు. చెయ్యి చాపి దేన్నయినా గట్టిగా పట్టుకుని కాసేపు ఉండాలంటే మాత్రం వేళ్ళు తిమ్మిరెక్కి వదిలేసేవి. చుక్కాని కర్ర పట్టుకోవడమంటే సరిగ్గా ఆ పనే. అట్లాంటి మనిషి తెరచాప పడవ కొన్నాడు.

మాది కల్వకుర్తి దగ్గరి పల్లె, గొర్రెల ఇల్లు. బాపు జీవాలను కాసేవాడు, వానలు పడితే జొన్న వేసేవాడు. సముద్రం అనే మాట మా ఇంట్లో ఎవరన్నా పలికిన గుర్తు నాకు లేదు. అన్న పదో తరగతి తప్పి బొంబాయి పోయాడు. అక్కడ హోటల్లో కప్పులు కడిగి, ఎవరినో బతిమాలి సరుకు ఓడల్లో చేరి, వయసంతా నీళ్ళ మీదే గడిపాడు. నేను నల్గొండలో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరుగా చేశాను. పెండ్లి చేసుకోలేదు. వదిన పోయి, నా ఉద్యోగం కూడా అయిపోయాక, ఇద్దరం కల్వకుర్తిలో ఒకే ఇంట్లో ఉండసాగాం. అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేండ్లయింది. జిల్లాలు విడగొట్టినప్పుడు, పడవ దించాలనుకున్న కొల్లాపూర్ మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలుకు పోయింది. పడవ దించడానికి ఎవరిని అడగాలో కనుక్కునే సరికి అన్నకు రెండు జిల్లాల ఆఫీసులూ పరిచయమయ్యాయి.

పడవ కాకినాడ దిక్కు నుంచి లారీ మీద వచ్చింది. ఎవరో వాడి వదిలేసినది. ముందు భాగంలో ఇద్దరు నడుము వాల్చేంత గది, ఒక చిన్న స్టవ్వు, నీళ్ళ డబ్బాలు పెట్టుకునే అర. కొల్లాపూర్ దాటినాక సోమశిల దిక్కున, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన కృష్ణ నీళ్ళలో దాన్ని దించాడు. వానాకాలం డ్యాం నిండితే అక్కడ అవతలి ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది. దిగువకు పోయిన కొద్దీ నల్లమల కొండలు రెండు పక్కలా దగ్గరికి వస్తాయి. పడవలోనే వండుకుంటూ, పడుకుంటూ ఆ నీళ్ళ మీద కొన్ని రోజులు తిరగాలని అన్న కోరిక. తోడు రమ్మన్నాడు.

"వస్త గని, నాకు ఈత రాదు. నీ గా కర్రను నేను ముట్ట," అన్నాను.

"నువ్వు ముట్టకు. గాలికే చెప్దాం పట్టుకొమ్మని," అన్నాడు.

నేను ఎగతాళి అనుకున్నాను. కాదు. ఒంటరిగా సముద్రాలు దాటే మనుషుల పడవలను అన్న రేవుల్లో చూసి ఉన్నాడు. వాటి వెనక చివర ఒక పలక నిలబెట్టి ఉంటుందట. గాలి ఎటు నుంచి వస్తోందో ఆ పలక పసిగట్టి, చుక్కానిని తనే తిప్పుతుంది. మనిషి తినవచ్చు, పడుకోవచ్చు. కరెంటు అక్కర లేదు, నూనె అక్కర లేదు.

అయితే అందులో రకాలున్నాయి. ఏది మాకు పనికొస్తుందన్న తర్జనభర్జనలో ఆ ఎండాకాలం గడిచిపోయింది. బ్యాటరీతో నడిచే మోటారు పెట్టుకుంటే సులువే గాని, ఎండ లేని ముసురు రోజుల్లో సోలార్ పలకను నమ్ముకోలేమని దాన్ని మొదట్లోనే పక్కన పెట్టాడు. మిగిలినవి గాలితో నడిచేవి రెండు. ఒక దాంట్లో చుక్కాని వెనక అంచుకు చిన్న రెక్క ఒకటి తగిలిస్తారు. పలక ఆ రెక్కను తిప్పితే, రెక్క చుక్కానిని తిప్పుతుంది. రెండో దాంట్లో పడవ వెనక ఒక తెడ్డు నీళ్ళలోకి వేలాడుతూ ఉంటుంది. పలక గాలికి వాలగానే తెడ్డు కొంచెం మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన తెడ్డును పారే నీళ్ళు పక్కకు నెట్టేస్తాయి. అట్లా ఊగిన తెడ్డుకు కట్టిన తాళ్ళు చుక్కాని కర్రను లాగుతాయి.

నాకు అర్థం కావడానికి అన్న బకెట్లో నీళ్ళు పోసి, అట్లకాడ ముంచి, గుండ్రంగా తిప్పి చూపించాడు. అట్లకాడను నిటారుగా పట్టుకుంటే ఊరికే నీళ్ళను కోసుకుంటూ పోయింది. కొంచెం మెలి తిప్పగానే చేతిలోంచి గుంజుకుని పక్కకు పోయింది.

"సూసినవా? గాలి ఉత్త మాట చెప్తది. పనంతా నీళ్ళే చేస్తయి," అన్నాడు.

"మరి రెక్క రకం అల్క గద. గదే పెట్టుకోరాదు?"

"మన చుక్కాని పాతది. దాన్ని కోసి రెక్క తగిలిస్తే ఇరుగుతది. గది ఇరిగినంక పడవ ఉన్నా లేనట్టే."

ఆ ఒక్క కారణం చాలనిపించింది. తెడ్డు రకమే ఖాయమయింది. విదేశాల నుంచి తెప్పించుకునే తాహతు లేదు కనుక చేయించుకోవాలి.

కల్వకుర్తిలో బోరు మోటార్లకు, ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగు చేసే ఒకతను ఉన్నాడు. మాటకారి. మేం చెప్పేది సగం విని మిగతాది తనే చెప్పేవాడు. బొమ్మ గీసి ఇస్తే చూసి, "గింత సన్న పైపులా సారూ? గాలికి ఎగిరిపోతది. నేను జేస్త చూడుండ్రి, మీ మన్మలు గూడ వాడుకోవాలె," అన్నాడు. అన్న వద్దన్నాడు. అతను సరే అన్నాడు. వారం తర్వాత పోయి చూస్తే ట్రాలీకి సరిపోయే చట్రం తయారై ఉంది. ఇద్దరూ కాసేపు అరుచుకుని, చాయ్ తాగి, పైన పలక తిరిగే భాగం మాత్రం మళ్ళీ సన్నగా చేయడానికి ఒప్పుకున్నారు. కింద పడవకు బిగించే చట్రం ఆ మందంతోనే ఉండిపోయింది. పలకను కూడా అతనే కోసి ఇచ్చాడు, నీళ్ళ ట్యాంకులకు వాడే రేకుతో.

బిగించడం అనుకున్నంత తేలిక కాలేదు. పడవ వెనక గోడకు రంధ్రాలు వేస్తుంటే ఒక చోట డ్రిల్లు మెత్తగా దిగిపోయింది. లోపలి చెక్క నాని పుచ్చిపోయి ఉంది. అన్న అక్కడే కూర్చుని బీడీ ముట్టించాడు. బీడీ అయ్యాక పుచ్చు భాగమంతా కోసేశాడు. నల్లమద్ది చెక్క తెప్పించి లోపలి నుంచి ఆసరా పెట్టాం. నేను లోపల వెనక గోడ కింది ఇరుకులో దూరి నట్టు పట్టుకోవడం, ఆయన బయట నుంచి బోల్టు తిప్పడం. అవతల ఆయన ఏం అంటున్నాడో నాకు వినపడేది కాదు, నేను ఏం అంటున్నానో ఆయనకు వినపడేది కాదు. ఆ రెండు రోజులు మేం తిట్టుకున్నంత చిన్నప్పుడు కూడా తిట్టుకోలేదు.

ఇంకో సంగతి అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పడవ వెనక భాగంలో నీళ్ళలోకి దిగడానికి ఒక నిచ్చెన ఉండేది. కొత్త చట్రానికీ నిచ్చెనకూ ఒకే జాగా. నిచ్చెన ఊడదీసి గదిలో బల్ల కింద తోశాం.

తాళ్ళు చిన్న కప్పీల మీదుగా చుక్కాని కర్ర దాకా వచ్చాయి. రెండు తాళ్ళ కొసలనూ ఒక గొలుసు ముక్కతో కలిపాం. కర్ర మీద ఒక మేకు. గొలుసులోని ఒక లంకెను మేకుకు తగిలిస్తే చుక్కాని గాలి చేతిలో ఉన్నట్టు, తీసేస్తే మన చేతిలో ఉన్నట్టు. అంతే ఏర్పాటు.

మొదటి రోజు రేకు పలక నిలబెట్టుకుని పోయాం. గాలి మామూలుగా ఉంది. గొలుసు తగిలించి అన్న చేతులు తీసేశాడు. పడవ కొంత దూరం బాగానే పోయి, ఎడమకు తిరిగి, చాలాసేపటికి గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి, మళ్ళీ ఎడమకు పోయింది. కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయే మనిషి నడక. రేకు బరువు. గాలి దాన్ని వంచే లోపల పడవ దారి తప్పుతోంది, వంగాక మళ్ళీ లేవడానికి ఇంకా ఆలస్యం చేస్తోంది.

అన్నకు కోపం రాలేదు. "రేకు గాదు, బట్ట గావాలె. నువ్వు కుట్టియ్యవే," అన్నాడు.

సన్నటి అల్యూమినియం కడ్డీ వంచి చట్రం చేశాడు. నేను గొడుగు బట్ట కొన్నాను. దుకాణంలో ఎరుపొక్కటే నిఖార్సుగా ఉందని ఎరుపే తెచ్చాను. మొదట కుట్టినది తడిసి సాగిపోయింది. రెండోసారి బట్టను ఏటవాలుగా కాకుండా నిలువు పోగు మీద కత్తిరించి, అంచుల్లో నాడా పెట్టి, చట్రానికి బిర్రుగా లాగి కట్టాను. కింద చిన్న సీసం ముద్ద బరువుగా పెట్టాం. ఊదితే వాలి, ఊపిరి తీసుకునే లోపల లేచి నిలబడింది.

సోమశిల దగ్గర పుట్టిలో చేపలు పట్టే మొగుడూ పెండ్లాలు ఉండేవాళ్ళు. పుట్టి అంటే వెదురు బుట్టకు తారు పూసిన గుండ్రటి పడవ. ఆమె మా పడవ పక్కకు పుట్టిని తీసుకొచ్చి ఎర్ర పలకను చాలాసేపు చూసింది.

"దిష్టికి గట్టిన్రా అక్కా?"

"కాదమ్మా. గది పడవను నడిపిస్తది."

ఆమె మొగుని వైపు తిరిగి, "విన్నవా? ఎర్ర గుడ్డ నడిపిస్తదంట. నువ్వు తెడ్డేసి సచ్చుడేంది మరి," అంది. ఆయన నవ్వలేదు. వాళ్ళు ఆ పొద్దంతా మమ్మల్ని గమనిస్తూనే ఉన్నారు.

ఆ రోజు అది పని చేసింది. అన్న గొలుసు తగిలించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చుక్కాని కర్ర దగ్గర ఎవరూ లేరు. కర్ర తనంతట తను కొంచెం ఇటు, కొంచెం అటు కదులుతోంది. కనిపించని మనిషి కూర్చుని ఉన్నట్టు కాదు. జొన్న చేను గాలికి కదిలినంత సహజంగా కదులుతోంది. పలక ఒకసారి వాలుతుంది, వెనక తెడ్డు ఊగుతుంది, తాడు బిగుస్తుంది, కర్ర కదులుతుంది, పలక లేస్తుంది. నేను గంట సేపు దాన్నే చూస్తూ కూర్చున్నానేమో. అన్న మాత్రం దాని వైపు చూడకుండా పల్లీలు ఒలుచుకుని తిన్నాడు. ఎడమ చేత్తో కుడి భుజాన్ని నెమ్మదిగా రుద్దుకుంటున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో నొప్పి కనిపించలేదు.

ఆ తర్వాత దాని గుణం కొంత తెలిసింది. అది గాలికే కట్టుబడి ఉంటుంది, దారికి కాదు. ఒకసారి కొండ మలుపు దగ్గర గాలి మెల్లగా దిశ మార్చుకుంటే పడవ కూడా దానితో పాటు మెల్లగా తిరిగింది. మాకు ఒంపు తెలియలేదు. నేను బియ్యం కడుగుతూ తల ఎత్తితే, ఎడమ పక్కన ఉండాల్సిన కొండ ఎదురుగా ఉంది. అన్నను పిలిచాను. ఆయన లేచి, మారిన గాలికి తగ్గట్టు పలకను మళ్ళీ తిప్పి పెట్టాడు.

"గిదేందన్నా, పడవను గుట్టకు కొడ్తుండె?"

"దాని తప్పు లేదు. గాలి ఎట్ల పోతే గట్ల పొమ్మన్నం, పోయింది. కండ్లు మనయి గదా," అన్నాడు. ఆ పూటే నాకు ఒక్క పాఠం చెప్పాడు. "ఏమన్నయితే గొలుసు తీసి, కర్రను తెరచాప దిక్కు నూకు. పడవ గాలికి ఎదురు తిరిగి ఆగుతది. ఆగినంక ఆలోచన చెయ్యి."

విన్నాను. చేసి చూడలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, డ్యాం నిండుగా ఉన్నప్పుడు, రెండు మూడు రోజుల తిండి సర్దుకుని బయల్దేరాం. గాలి పక్క నుంచి గట్టిగా వీస్తోంది. పలకకు అదే నచ్చిన గాలి. పడవ ఒక పక్కకు ఒరిగి, గుడ్డ చింపినట్టు చప్పుడు చేస్తూ నీళ్ళను కోసుకుంటూ పోతోంది. పుట్టి వాళ్ళు ఎక్కడో ఒడ్డు మలుపులో ఉండిపోయారు. ఆ మేరలో మేం తప్ప ఎవరూ లేరు.

ముందరి చిన్న తెరచాప తాడు ఒకటి చిక్కుపడింది. అన్న ముందుకు పోయాడు. తేలే జాకెట్టు నాకు ఉంది, ఈత రాదు కనుక ఎప్పుడూ తొడుక్కునే ఉండేదాన్ని. ఆయనది గదిలో మేకుకు వేలాడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పుతున్నాడు. విసురుగా గాలి వచ్చింది, పడవ ఇంకా ఒరిగింది, ఆయన పట్టుకోవడానికి కుడి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టు నిలవలేదు. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆయన పడవ పక్క నుంచి జారి, నా ముందు నుంచే వెనక్కి పోయాడు. తల పైకి ఉంది. నా వైపు చూశాడు. భయం కంటే, ఏదో మరిచిపోయి వచ్చినవాడి చూపులా ఉంది.

నేను అరిచాను. పడవ పోతూనే ఉంది.

ఆ క్షణాలు ఇప్పుడు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది పడవ ఎంత చక్కగా పోయిందన్నదే. మనిషి కర్ర పట్టుకుని ఉంటే అరుపుకు ఉలిక్కిపడేవాడు, చెయ్యి వణికేది, పడవ ఒక్క క్షణమైనా తడబడేది. ఎర్ర పలక వాలింది, లేచింది. తెడ్డు ఊగింది. అన్న తల చిన్నదవుతోంది.

చేతికి అందిన ఖాళీ నీళ్ళ డబ్బా విసిరాను. గాలి దాన్ని ఇంకో దిక్కుకు దొర్లించుకుపోయింది. అప్పుడు కర్ర మీద పడ్డాను. గొలుసు మేకుకు బిగుసుకుని ఉంది. లాగితే రాలేదు. నేను గుంజిన కొద్దీ తాడు అవతల నుంచి గుంజుతోంది, అన్నీ కలిసి నా మీద పగబట్టినట్టు. వేలి గోరు ఊడింది, ఆ సంగతి తర్వాత తెలిసింది. పలక లేచే క్షణంలో తాడు వదులవుతుందని, ఆ రోజు గంట సేపు దాన్ని చూస్తూ కూర్చున్నప్పుడు గమనించింది అప్పుడు పనికొచ్చింది. ఎర్ర గుడ్డ లేచే దాకా ఆగాను. లేచింది. గొలుసు ఊడొచ్చింది.

కర్రను తెరచాప దిక్కు నూకాను.

పడవ తిరిగింది. గాలికి ఎదురయ్యేసరికి తెరచాపలు రెండూ పటపట కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇల్లు కూలుతున్నంత చప్పుడు. ఆగినంక ఆలోచన చెయ్యమన్నాడు. కాని పడవ ఆగలేదు, ఆ ఊపులో ఇంకా తిరిగి, తెరచాప తల మీదుగా అవతలి పక్కకు పోయింది. నేను వంగి ఉన్నాను కనుక బతికాను. చూస్తే పడవ మొహం వచ్చిన దారికే తిరిగి ఉంది, వేగం అందుకుంటోంది.

అన్న ఎక్కడున్నాడో కనపడలేదు. నీళ్ళ మీద ఎండ పడి అంతా మెరుస్తోంది. కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఎటు నూకితే ఎటు పోతుందో ఒకటికి రెండుసార్లు తప్పుగా చేసి తెలుసుకున్నాను. తల కనిపించింది, ఎడమ చెయ్యి ఒకసారి పైకి లేచింది. మొదటిసారి ఆయన పక్క నుంచి దాటిపోయాను. అంత దగ్గర నుంచి, పేరు పెట్టి తిట్టగలిగేంత దగ్గర నుంచి.

"తాడిడువు! పెద్ద తెరచాప తాడిడువు!" అని అరిచాడు.

మళ్ళీ తిప్పి తెచ్చి, ఈసారి తాడు విడిచాను. తెరచాప చచ్చిన కోడి రెక్కలా వేలాడింది. పడవ నెమ్మదించింది, ఆయనకు కొంచెం అవతలగా ఆగి, గాలికి ఆయన వైపే జరిగింది. తాడు విసిరితే ఎడమ చేతికి చుట్టుకున్నాడు.

ఎక్కడం ఇంకో పని. నిచ్చెన గదిలో బల్ల కింద ఉంది. తెచ్చినా బిగించే జాగా లేదు. ఆయన చట్రం కింది పైపు మీద కాలు పెట్టాడు, నేను చొక్కా కాలరు పట్టుకుని లాగాను. చట్రం వంగింది గాని విరగలేదు. పైకి వచ్చి నా కాళ్ళ మీదనే బోర్లా పడి, దగ్గుతూ ఉండిపోయాడు. తెరచాప కొట్టుకుంటూనే ఉంది.

చివరికి ఆయనే అన్నాడు, "మంచిగనే తిప్పినవే."

"నోర్ముయ్," అన్నాను. ఎన్నిసార్లు తిట్టుకున్నా, పెద్దవాణ్ని ఆ మాట అనడం మాత్రం అదే మొదలు.

ఇంటికి వచ్చాక నాకు జ్వరం వచ్చింది, ఆయనకు రాలేదు. మంచంలో పడుకుని ఉన్నప్పుడు నాకు కోపం ఎవరి మీద అన్నది తేలలేదు. జాకెట్టు తొడుక్కోని అన్న మీద ఉండాలి. ఉంది కూడా. కాని ఎక్కువగా ఆ ఎర్ర పలక మీదే ఉంది. అది ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసినదాన్ని తిట్టి మనసు తేలిక చేసుకోవచ్చు. నేను కుట్టిన గుడ్డ, నేను నట్టు పట్టుకుని బిగించిన చట్రం, చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ మా అన్నను వదిలేసి పోయింది. అన్నకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోయాడు.

"గదే గద దాని పని," అన్నాడు.

"గదే గద నా బాధ," అన్నాను.

చట్రం వెల్డింగు దుకాణానికి మళ్ళీ పోయింది. వంగిన పైపును అతను అటూ ఇటూ తిప్పి చూసి, "నా చట్రం వంగాల్నంటే ఏనుగు నిలబడాలె. ఏం జేసిన్రు?" అన్నాడు. అన్న జరిగింది చెప్పాడు. అతను కాసేపు తల గోక్కుని, ఈసారి ఎవరూ అడగకుండానే ఒక పక్కన కాలు పెట్టే మెట్లు రెండు వెల్డింగు చేసి ఇచ్చాడు. నిచ్చెన పడవ పక్క గోడకు మారింది.

గొలుసు ఏర్పాటూ మార్చాం. పడవ వెనక నీళ్ళలో ఈడ్చుకుంటూ పోయే పొడుగాటి తాడు ఒకటి కట్టాం. దాని రెండో కొస గొలుసును తగిలించే మేకుకు ఉంటుంది. ఆ మేకును ఇప్పుడు లాగితే వాలిపోయేటట్టు చేయించాం. పడినవాడు తాడు పట్టుకుంటే చాలు, మేకు వాలి గొలుసు జారిపోతుంది. గాలి చేతిలోంచి చుక్కాని ఊడిపోతే పడవ తనే గాలికి తిరిగి ఆగుతుంది. ఆగుతుందో లేదో చూడటానికి అన్న నీళ్ళలో దూకుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. బియ్యం బస్తాలో ఇసుక పోసి, తాడుకు కట్టి నీళ్ళలో పడేశాం. మేకు వాలింది. పడవ తిరిగి, గాలికి మొహం పెట్టి, తెరచాపలు కొట్టుకుంటూ నిలబడింది. దాంతో నా దిగులు కొంత తగ్గింది.

నేను రావాలంటే ఒక షరతు పెట్టాను. కర్ర పట్టడం నాకు పూర్తిగా నేర్పాలి, పలక లేకుండా. చలికాలం అంతా నేర్పాడు. గాలి లేని రోజుల్లో ఇద్దరం తెరచాప వంక చూస్తూ కూర్చునేవాళ్ళం, కళ్ళంలో చాట పట్టుకుని గాలి కోసం ఎదురుచూసే మా అవ్వ లాగా. గాలి ఉన్న రోజుల్లో నా అరచేతులు కాయలు కాశాయి. ఆయన మంచి గురువు కాదు. చెప్పిందే చెప్తాడు, గట్టిగా చెప్తాడు. నలభై మంది ఆడపిల్లలతో గుండీ కాజాలు కుట్టించినదాన్ని కనుక ఓపిక పట్టాను.

అన్న కూడా మారాడు, చెప్పుకోలేదంతే. నడుముకు బెల్టు కట్టి పడవకు తగిలించుకోకుండా గది బయట అడుగు పెట్టడం మానేశాడు. ముందుకు పోవలసిన పని పడితే, "చెల్లె, జర గా తాడు సూడరాదు," అని నన్ను పంపేవాడు. నేనూ బెల్టు తగిలించుకుని పోయేదాన్ని. ఆయనకు నీళ్ళంటే భయం పట్టుకుందని నాకు అనిపించింది. అడగలేదు. ఒకరోజు తనే, పల్లీలు ఒలుస్తూ, "ఓడ మీంచి గిన్నేండ్లల్ల ఒక్కసారి పడలె. గీ కుంటల పడ్డ," అన్నాడు. నాకు కనుచూపు ఆననంత నీళ్ళు ఆయనకు కుంట.

మరుసటి వానాకాలం ఆగిపోయిన ప్రయాణం చేశాం. కొండలు దగ్గరపడే దాకా పోయి, పొద్దు గూకక ముందే గాలి మరుగు చూసుకుని లంగరు వేసి, వచ్చాం. పలక చాలా దూరం నడిపింది. గాలి మారినప్పుడల్లా ఇద్దరిలో ఎవరో ఒకరం చూశాం. వెనక తాడు నీళ్ళలో పాము లాగా వస్తూనే ఉంది.

తిరుగు దారిలో ఒక మధ్యాహ్నం గాలి నిలకడగా ఉంది. నేను గొలుసు తీసేసి కర్ర చేత్తో పట్టుకున్నాను. అన్న గదిలోంచి తల బయట పెట్టి చూశాడు.

"పలక పాడయిందా?"

"లేదు. నాకే పట్టుకోవాలనిపిస్తున్నది."

"మరి గంత కష్టపడి ఎందుకు జేసినం దాన్ని?"

"నువ్వు పండుకో. నేను వంటకు లేచినప్పుడు గొలుసు పెడ్త."

ఆయన కాసేపు నన్ను, కర్రను చూసి లోపలికి పోయాడు. నేను ఎదుటి కొండ మీద ఒక తెల్ల బండను గురి పెట్టుకుని, పడవను దాని మీదికే పోనిచ్చాను. అన్న గురక వినిపించే దాకా గొలుసు తగిలించలేదు. ఆ తర్వాత తగిలించి, స్టవ్వు ముట్టించి, బియ్యం కడిగాను.